వల గుండ్లలో గుర్రం బిళ్ళ

కాపురానికి వచ్చిన కొత్తలో మా ఆయన సిగ్గరి అనుకున్నాను. చేనికి పోయేటప్పుడు గాని వచ్చేటప్పుడు గాని ఆయన తల ఎత్తి నడవగా చూసినవాళ్ళు లేరు. ఎదురొచ్చినవాళ్ళు పలకరిస్తే ఉలిక్కిపడేవాడు. ఆ ఏడు వానాకాలంలో ఒకరోజు ఇద్దరం చేన్లో కలుపు తీస్తున్నాం. ఉన్నట్టుండి ఆయన మోకాళ్ళ మీద కూలబడి, మట్టిలోంచి గోరంత బిళ్ళ ఒకటి తీసి, పంచె అంచుతో తుడిచి, ఎండకు పెట్టి చూసుకున్నాడు. అప్పుడు ఆయన ముఖంలో వచ్చిన వెలుగు అంతవరకు నన్ను చూసినప్పుడు కూడా వచ్చింది కాదు. అది సిగ్గు కాదని అప్పుడు అర్థమైంది.

“ఏందది?” అన్నాను.

“గుర్రం.”

దగ్గరికి పోయి చూశాను. బూడిదరంగు తునక తప్ప ఏమీ లేదు. “యాడుంది గుర్రం?”

“ఇదిగో, ఇది వీపు. ఇవి ఎనక కాళ్ళు. తల్లేదు.”

ఎంతసేపు చూసినా నాకది ఎండిపోయిన సున్నం చుక్కలాగే కనపడింది. మార్కాపురంలో మా పుట్టింటి చుట్టూ పలకరాయి చెక్కేవాళ్ళే. రాతి మీద పువ్వో తీగో ఉంటే కనిపెట్టగల కళ్ళు నావి. అయినా ఆ గుర్రం మాత్రం నాకు దొరకలేదు.

మాది కంభానికీ అర్ధవీడుకీ నడుమ చిన్న పల్లె. అప్పట్లో మాది కర్నూలు జిల్లా. ఊరికి పడమట పాటిదిబ్బ ఉండేది. ఎప్పుడో ఊరుండి, పాడుబడి, దిబ్బగా మిగిలిన చోటు. ఆ మన్ను చేలకు బలమని ఎండాకాలంలో అందరూ బండ్లతో తోలుకునేవాళ్ళు. మన్నుతో పాటు పెంకులూ పూసలూ, అప్పుడప్పుడు ఈ బిళ్ళలూ చేలల్లోకి వచ్చేవి. నాలుగు వానలు పడి మట్టి కడుక్కుపోయాక పైకి తేలేవి. రాగి కాసులు చాలా దొరికేవి. ఊళ్ళో ప్రతి ఇంట్లో అవి పిల్లల ఆటసామాన్లలో ఉండేవి. సీసం బిళ్ళలు మాత్రం అరుదు. అవి ఏ కాలానివో చెప్పగలిగిన మనిషి మా ఊళ్ళో లేడు. మా ఆయనకు కావలసినవి అవే.

“ఆడపిల్లోళ్ళు గవ్వలు ఏరుకున్నట్టు వీడు చిల్లపెంకులు ఏరతాడు. నువ్వన్నా చెప్పమ్మా” అనేది మా అత్త. నేను చెప్పాను. ఆయన బుద్ధిగా విన్నాడు. మర్నాడు మళ్ళీ పంచె మడతలో రెండు బిళ్ళలతో ఇంటికొచ్చాడు. అత్త కంటపడితే పారబోస్తుందని వాటిని కొయ్యపెట్టెలో పోసి, అటక మీద నా ఊరగాయ జాడీల వెనక దాచేవాడు. అత్త ఇంట్లో లేని పూట చూసి, పొద్దుగూకక ముందే పెట్టె దించి, అరుగు మీద బోర్లించి, “ఇదిగో దీనికి తోకుంది”, “దీనికి డెక్కలున్నాయి చూడు” అని నాకు చూపించేవాడు. మొదట్లో ఆయన మనసు నొప్పించడం ఇష్టంలేక ఊఁ కొట్టేదాన్ని. ఎప్పుడు మొదలైందో తెలియదు గాని, కొన్నాళ్ళకు నాకూ గుర్రాలు కనపడసాగాయి. ఒకటీ పూర్తిగా లేదు. ఒకదానికి వీపు, ఒకదానికి కడుపు, ఒకదానికి తోక.

మా అక్కను గిద్దలూరులో ఇచ్చారు. బావకు రైలు స్టేషన్లో సరుకుల గుమాస్తా పని. ఒకసారి మా ఊరికి వచ్చినప్పుడు బావ చెప్పాడు. “మా పక్కింటికి మద్రాసు నుంచి ఒక పెద్దాయన వచ్చినాడు. వకీలు పని మానుకున్నాడంట. రొమ్ము జబ్బుకు పొడిగాలి మంచిదని కూతురింట్లో ఉంటున్నాడు. ఆయనకూ నీకున్న పిచ్చే ఉంది, తమ్ముడా. పాత నాణేలు పోగేస్తాడు.”

మా ఆయన ఆ పూట సరిగా అన్నం తినలేదు. ఆ వారంలోనే కంభంలో రైలెక్కాం. పెళ్ళినాటి చొక్కా తొడుక్కున్నాడు. బిళ్ళలన్నీ, వాటితో పాటు కొన్ని రాగి కాసులూ గుడ్డలో మూటగట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. రైలు కుదిపినప్పుడల్లా మూట మీద చెయ్యి వేసేవాడు, చంటిబిడ్డను పట్టుకున్నట్టు.

వకీలుగారు పడక కుర్చీలో కూర్చుని ఉన్నాడు. బక్కమనిషి, దళసరి కళ్ళద్దాలు. నల్లగుడ్డ పరిచిన పళ్ళెం ముందుకు లాక్కుని, మూట విప్పి, ఆగాడు. ముక్కు దగ్గరికి తీసుకుని వాసన చూశాడు. నా వైపు తిరిగి, “అమ్మా, ఇందులో ఊరగాయ గాని తెచ్చావా?” అన్నాడు.

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మా ఆయన నసుగుతూ జాడీల సంగతి చెప్పాడు. వకీలుగారు నవ్వలేదు. ఒక బిళ్ళ తీసి నల్లగుడ్డ మీద మెల్లగా రుద్దాడు. తెల్లటి పిండి రాలింది.

“సీసానికి పులుపు పడదు నాయనా. మూతపెట్టిన జాడీ నుంచి వచ్చే ఆవిరి చాలు. కొయ్యపెట్టె కూడా మంచిది కాదు. నువ్వు ఇది బూజు అనుకున్నావు కదా? బూజు కాదు, నీ బిళ్ళే పిండైపోతున్నది. పైగా కడుపులోకి పోతే విషం.”

నేను మా ఆయన వైపు చూశాను. ఇంటికి పోయాక ఏం జరుగుతుందో ఆయనకు అర్థమైంది.

తర్వాత వకీలుగారు భూతద్దం పెట్టి ఒక్కొక్క బిళ్ళా చూసి, పళ్ళెంలో రెండు కుప్పలు చేశాడు. రాగివన్నీ ఒక పక్క, సీసానివన్నీ ఒక పక్క. “ఈ రాగి కాసులకు ముఖం చక్కగా ఉంది. అక్షరాలు కూడా చదవచ్చు. కానీ మద్రాసు బజార్లో వీటిని తూకానికి అమ్ముతారు. అందుకని ఎంత బాగున్నా ఎవరూ ఎగబడరు. ఈ గుర్రాలు అట్లా కాదు, దొరకడమే గగనం. దొరికితే ఇదిగో, ఇట్లా ముఖం లేకుండా దొరుకుతాయి.”

“మా దిబ్బలో శానా దొరికినాయి సామీ. మా తాతకాలంలో గంపలకు గంపలు ఎత్తినారంట.”

“ఎత్తి ఉంటారు. అవి ఇప్పుడెక్కడున్నాయి?”

వకీలుగారు లోపలికి పోయి, దూది పరిచిన గాజుపెట్టె తెచ్చి చూపించాడు. అందులో నాలుగు సీసపు గుర్రాలు. ఎంత జాగ్రత్తగా పెట్టుకున్నాడో! అయినా ఒక్కదానికీ తల లేదు. అచ్చు పెద్దదిగా, బిళ్ళ చిన్నదిగా ఉండేదట. కొట్టినప్పుడు బొమ్మలో ఏదో ఒక పక్క బయటికి పోయేదట. సరిగ్గా నడుమ దెబ్బ పడినవి కొన్నే. వాటిలో చేతులు మారి అరిగినవి పోగా, కరిగించినవి పోగా, పిండైనవి పోగా ఏం మిగులుతాయి అన్నాడు.

“తల నుంచి తోక దాకా ఉన్న గుర్రాన్ని నేను ఇంతవరకు చూడలేదు. నీకు దొరికితే, అమ్మకపోయినా సరే నాయనా, ఒక్కసారి చూపించు.”

ఇంటికి వచ్చీ రాగానే అటక మీది జాడీలన్నీ పెంటదిబ్బలో పారబోశాను. ఆ ఏడు మామిడికాయ ఊరగాయ చాలా బాగా కుదిరింది. మా అత్త చచ్చిపోయిన చుట్టాన్ని తలుచుకున్నట్టు దాన్ని తలుచుకునేది. మళ్ళీ మామిడికాయలు వచ్చేదాకా మా ఆయన జొన్నరొట్టెలోకి ఉల్లిగడ్డ కొరుక్కున్నాడు, ఒక్కమాట ఎదురు చెప్పకుండా.

ఆయన ధ్యాస మాత్రం వకీలుగారు అడిగిన మాట మీదే ఉంది. గంపలకు గంపలు ఎక్కడికి పోయాయి? ఊళ్ళో ముసలివాళ్ళనందరినీ అడిగాడు. చివరకు మా ఇంటెదురు తాత చెప్పాడు. “యాడికి పోతాయిరా! మా చిన్నప్పుడు చెరువు కాడ నుంచి బెస్తోళ్ళు చేపలమ్ముకుంటా వచ్చేవాళ్ళు. ఈ సీసం బిళ్ళలు ఇస్తే గుప్పెడు పరిగెలు పెట్టేవాళ్ళు. వాళ్ళకు వల గుండ్లకు పనికొచ్చేవి. మేమంతా దిబ్బ తవ్వి తవ్వి చేపలు తిన్నాం.”

విసురువల అంచు నీళ్ళలో మునగాలంటే దానికి బరువు కట్టాలి. అవే వల గుండ్లు. మా దిబ్బలోని గుర్రాలన్నీ కంభం చెరువులో పడ్డాయన్నమాట.

మర్నాడే మా ఆయన చెరువు కాడికి పోయాడు. బెస్తవాళ్ళ ఇండ్లన్నీ తిరిగాడు. అందరూ ఎప్పుడో సీసం కరిగించి గుండ్లు పోసుకున్నారు. ఉసూరుమని తిరిగి వస్తుంటే చివరి గుడిసె ముందర ఒక అవ్వ పిలిచి, ఏం వెతుకుతున్నావని అడిగింది. చెప్పాడు. అవ్వ నవ్వి, లోపల దూలానికి వేలాడుతున్న పాత వల చూపించింది.

“మా ఆయనకు కరిగించే ఓపిక ల్యా. బిళ్ళను దారం మీద పెట్టి, సుత్తితో మడిచి కొట్టేవాడు. అన్నీ అట్లనే ఉన్నాయి, చూసుకో కొడుకా.”

మా ఆయన ఆ వల అంచు పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాడట. ప్రతి గుండూ రెండుగా మడిచిన బిళ్ళే. బయటి వైపు నీళ్ళకూ రాళ్ళకూ అరిగి నున్నగా అయిపోయింది. కానీ లోపలి వైపు మడతలో ఉంది. దాన్ని దారమూ నీళ్ళూ తప్ప ఏదీ తాకలేదు. అరిగే వీలే లేదు.

ఇంటికి వచ్చి నాకు ఆ సంగతంతా చెప్పాడు. “మరి తెచ్చుకోలేదేం?” అన్నాను.

“ఎట్ల అడిగేది? ఆయన చేత్తో ముడేసిన వల. ఆయన పోయినంక ఆమె ఎవురికీ ఇయ్యల్యా. దాన్ని కొయ్యమని అడిగే నోరు నాకు ల్యా.”

రెండు మూడుసార్లు ఊరికే పోయి కూర్చుని వచ్చాడు. అవ్వ పెట్టిన చేపల పులుసు తిన్నాడు. అడగనైతే అడగలేదు. ఒకరోజు నన్నూ తీసుకుపోయాడు. అవ్వ నన్ను ఎగాదిగా చూసి, కూర్చోబెట్టి, “నీ మొగుడు వలకేసి చూసినట్టు నన్ను మా ఆయన కూడా చూడల్యా తల్లీ. ఏం కావాలో నువ్వన్నా చెప్పు” అంది.

నేను చెప్పేశాను. అవ్వ వల దించి ఒళ్ళో వేసుకుంది.

“వల కొయ్యకూడదు. ముడి చెడకూడదు. ఒక గుండు తీస్తే దాని చోట ఇంకో గుండు కట్టాల. అట్లయితే తీసుకోండి.”

గుండ్లకు సీసం కావాలి. అప్పటికి యుద్ధం మొదలైంది. కంభం బజార్లో సీసం దొరకలేదు. మట్టి గుండ్లు కాల్చి తెస్తామంటే అవ్వ ఒప్పుకోలేదు. వల తూకం పోతుందట. మా ఆయన రెండు రోజులు సీసం కోసం చుట్టుపక్కల ఊళ్ళు తిరిగాడు. మూడోనాడు ఏళ్ళ తరబడి ఏరుకున్న బిళ్ళలన్నీ అరుగు మీద పోసి, నన్ను కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కటే చూడసాగాడు. వీపున్నది, తోకున్నది పక్కన పెట్టాడు. ఏ బొమ్మా కనిపించనివి, ఊరగాయ ఆవిరికి ముఖం పోయినవి ఇంకో పక్క. ఆ రెండో కుప్పను చెరువు కాడికి తెచ్చాడు.

“ఇవి మళ్ళీ దొరకవు గదా” అన్నాను దారిలో.

“దొరకవు. అయినా వీటిని చూసేవాళ్ళు యాడున్నారు? వల్లో ఉంటే పనన్నా చేస్తాయి.”

ఆ ఎండాకాలం పనుల్లేని పొద్దుల్లో అవ్వ గుడిసె ముందర పందిరి కింద కూర్చుని ముగ్గురం వల పని చేశాం. అంచు దారం విప్పి పాత గుండు జార్చి తియ్యడం, కొత్తది మడిచి మళ్ళీ ముడెయ్యడం. ఆ ముడి మా ఆయనకు ఎంతకీ వచ్చేది కాదు. నాకు తొందరగా పట్టుబడింది. “నీ పెండ్లామే నయం. నువ్వు పోయి పొయ్యిలోకి పుల్లలు ఏరుకురాపో” అని అవ్వ ఆయన్ను తరిమేది. చెరువు మీంచి చల్లగాలి వచ్చేది. అవ్వ పని చేస్తూ వాళ్ళాయన కబుర్లు చెప్పేది. ఆయన వల విసిరితే నీళ్ళ మీద పళ్ళెంలాగా గుండ్రంగా పడేదట. పెళ్ళయిన ఏడు ఆమెకు ఈత నేర్పబోయి ఆయనే నీళ్ళు మింగాడట. చెబుతూ చెబుతూ ఆగి, వల అంచు నిమిరేది.

తీసిన గుండ్లను విప్పడం అన్నిటికన్నా కష్టమైంది. మొదటిది మా ఆయన వేళ్ళతో తెరవబోతే అప్పడంలాగా రెండు ముక్కలైంది. ఒక ముక్కలో గుర్రం ముందుకాళ్ళు స్పష్టంగా ఉన్నాయి. తల ఉండాల్సిన చోట విరిగి పొడైంది. ఆయన ముఖం చూడలేకపోయాను. రెండోది కొంచెం తెరుచుకుని పగిలింది. తర్వాత కొన్ని బాగానే విడివడ్డాయి గాని, ఒకదానిలో అచ్చు పక్కకు పడి గుర్రం తోక ఒక్కటే మిగిలింది. ఇంకోదానిలో బొమ్మ బయటివైపు ఉండి, ఎప్పుడో అరిగిపోయింది.

“ఇంక నా వల్ల కాదు. నువ్వు చూడు” అని ఆయన లేచి కట్ట వైపు పోయాడు.

అవ్వ పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి. ఆ వేడినీళ్ళను ముంతలో పోసి, ఒక గుండును అందులో వేశాను. కాసేపుంచి తీసి, మడతలోకి సన్నటి వెదురుపుల్ల పెట్టి, ఏ మాత్రం ఇస్తే ఆ మాత్రమే తెరిచాను. మళ్ళీ నీళ్ళలో వేశాను. నీళ్ళు చల్లారితే అవ్వ మార్చేది. పొద్దున మొదలుపెట్టిన పని మధ్యాహ్నం దాటేదాకా సాగింది. మధ్యలో ఒకసారి సన్నగా పగులు కనిపించి పుల్ల వెనక్కి తీశాను. పగులు అక్కడే ఆగింది. బిళ్ళ విచ్చుకుంది.

గుర్రం నా వైపు చూస్తున్నట్టే ఉంది. నిక్కబొడుచుకున్న చెవులు, మెడ మీద జూలు, నాలుగు కాళ్ళు, ఎత్తిన తోక. అంచున ఏవో గీతల్లాంటి అక్షరాలు. వీపుకు అడ్డంగా వెంట్రుకంత పగులు.

“ఓ మావా!” అని కేకేశాను. పెళ్ళయినప్పటి నుంచి నలుగురిలో ఆయన్ను అట్లా పిలిచింది లేదు. ఆయన పరుగెత్తుకుంటూ వచ్చి, చూసి, కింద కూర్చుండిపోయాడు. ముట్టుకోలేదు. అవ్వ వంగి కళ్ళు చికిలించి చూసింది.

“ఓరి నీ! ఇన్నేండ్లూ మా ఆయన గుర్రాన్ని నీళ్ళల్లో ఈదించినాడా!” అని నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ వారమే మళ్ళీ గిద్దలూరు పోయాం. ఈసారి బిళ్ళ దూదిలో చుట్టి, ఖాళీ మందుసీసాలో ఉంది. ఊరగాయ వాసన రాకుండా ఆ సీసాను ఎన్నిసార్లు కడిగానో. వకీలుగారు ఆ ఏడు బాగా చిక్కిపోయి ఉన్నాడు. భూతద్దం పెట్టి చూడటం మొదలుపెట్టి, ఎంతకీ తల ఎత్తలేదు. ఎత్తినప్పుడు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“ఈ పగులు లేకపోతే ఎంత బాగుండేదో. పగులున్నదని కొనేవాళ్ళు వెల తగ్గిస్తారు. రాగి కాసుకు ఇట్లాంటి పగులుంటే నేను చేత్తో కూడా తాకను. ఇంకోటి దొరుకుతుంది కనుక. దీనికి ఇంకోటి ఎక్కడుంది? ఇంతకంటే మంచిది కనపడేదాకా ఇదే అన్నిటికన్నా మంచిది” అన్నాడు. తర్వాత మా ఆయన వైపు చూసి, మెల్లగా అడిగాడు. “నాకిస్తావా నాయనా? నీకు తోచిన వెల చెప్పు.”

మా ఆయన కాదనలేడు. అవునని కూడా అనలేకపోయాడు. నా వైపు చూశాడు. చిల్లపెంకులు ఏరడం మానమని చెప్పినదాన్ని, మనసు నొప్పించలేక ఊఁ కొట్టినదాన్ని, ఆ మాట నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో తెలియదు.

“ఇయ్యం సామీ.”

వకీలుగారు ఒక్క క్షణం నివ్వెరపోయి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. “అమ్మా, ఈ జబ్బు నీకూ అంటుకుంది! నీ మొగుడి కంటే నీకే ముదిరింది.” అప్పుడు కాగితం, పెన్సిలు తెప్పించుకుని, బిళ్ళను ఎదురుగా పెట్టుకుని సాయంత్రం దాకా బొమ్మ గీసుకున్నాడు. బొమ్మ అయ్యాక అంచున ఉన్న అక్షరాలను వేలితో చూపిస్తూ, “ఈ రెండక్షరాలకు రాజుగారిది అని అర్థం. ఏ రాజో పక్కన ఉండాలి. అది బిళ్ళ బయటికి పోయింది” అన్నాడు. తన గాజుపెట్టెలోంచి తల లేని గుర్రం ఒకటి తీసి, వద్దంటున్నా వినకుండా నా చేతిలో పెట్టాడు. ఆ తర్వాత ఆయన మద్రాసు వెళ్ళిపోయాడు. మళ్ళీ చూడలేదు. రెండేళ్ళకు పోయాడని బావ చెప్పాడు. అంతకంటే మంచి గుర్రం ఆయనకు దొరికిందో లేదో మాకు తెలియలేదు.

వకీలుగారు బొమ్మ గీసుకున్న మర్నాడు కంభంలో రైలు దిగగానే, ఇంటికి పోకుండా నేరుగా చెరువు కాడికి నడిచాం. అవ్వ పందిరి కింద చేపలు తోముతున్నది. మా ఆయన సీసా తీసి చూపించి, రాజు మాట చెప్పాడు.

“రాజు డబ్బంటావా?” అంది అవ్వ. చేతులు కడుక్కుని, సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది. “అయితే మా ఆయన రాజు డబ్బు చేపలకేసినాడా! ఇదే ఆయన బతికున్నప్పుడు తెలిసింటే ఎంత ఎగిరేవాడో” అని, సీసా మా ఆయనకు తిరిగి ఇచ్చి, “పులుసు పెడతా, తిని పోండి. ఎంత పొద్దుపోయిందో చూసినావా” అంటూ లోపలికి పోయింది. ఆయన పొయ్యిలోకి పుల్లలు తేవడానికి లేచాడు. నేను ఉల్లిగడ్డలు తరగడానికి కూర్చున్నాను.